ఒకే గొంతులో ఆరు, ఏడు

ఆ ఆదివారం రెండో మజిలీలో నేను లెక్క పిలిచినప్పుడు పద్దెనిమిది నెంబర్లూ పలికాయి. ఉన్నది పదిహేడు మందిమే. తప్పెవరిదని తర్వాత చాలామంది అడిగారు. "నా చెవులది" అని చెప్పి తప్పించుకున్నాను. అది సగం నిజం. మిగతా సగాన్ని కడుపులో పెట్టుకుని తిరగలేక ఇది రాస్తున్నాను.

ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసినవాణ్ణి. నా నోరు మంచిది కాదని ఇంట్లోనూ బయటా పేరు. "ముందుకు జరగండి, లోపల ఖాళీగానే ఉంది" అని అరిచి అరిచి గొంతు అలా తయారైంది, నేనేం చెయ్యను. కిక్కిరిసిన బస్సులో ఎందరెక్కారో ఎందరు దిగారో తల తిప్పకుండా చెప్పేవాణ్ణి. అందుకే మా నడక బృందంలో లెక్క పిలిచే పని నాకు అంటగట్టారు. బృందానికి ఏదో పెద్ద పేరుంది కానీ అందరూ కాళ్ల సంఘం అనే అంటారు. ఆదివారం పొద్దున్నే చివరి బస్టాపు దగ్గర కలుసుకుంటాం. సముద్రం పక్కన కొండ అంచు మీది బాటలో పది కిలోమీటర్లు నడిచి, అవతలి ఊళ్లో బస్సెక్కి ఇళ్లకు పోతాం. అందరికీ ముందు పొడుగాయన, అందరికీ వెనక నేను.

రెండేళ్ల కిందట మంచులో ఒకాయన దారితప్పి, రెండు గంటలు మా ప్రాణాలు తోడేశాడు. అప్పుడే నేనొక నియమం పెట్టాను. ప్రతి మజిలీలోనూ ఎవరి నెంబరు వాళ్లు, ఎవరి నోటితో వాళ్లే చెప్పాలి. చెప్పలేనివాళ్లను సముద్రం బాటకు తీసుకురాకూడదు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం దువ్వుకున్నాను.

అక్కది ఆరో నెంబరు. బావది ఏడు.

అక్క నాకు తోడబుట్టినదేం కాదు. సంఘంలో చేరిన మొదటి రోజే, "తమ్ముడూ, కాస్త మెల్లగా అరువు, మాకింకా చెవుడు రాలేదు" అంది. నన్ను తమ్ముడని పిలిచి, అదే నోటితో గదమాయించిన మనిషి అంతకుముందు లేదు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క, ఆయన బావ.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో చేసింది. రోజుకు నాలుగైదు వందల దుప్పట్లు. ఉడుకు ఆవిరి, సబ్బు ఘాటు, రోజంతా నిలబడే పని. దుప్పటి ఆరిందో లేదో అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో చూడాలట. అరచెయ్యి అబద్ధం చెబుతుందనేది. అదే ఆసుపత్రిలో చేసి మా సంఘంలో చేరిన నర్సమ్మ చెప్పేది: దుప్పటి మడతపెట్టడానికి అవతలి కొస ఎవరు పట్టుకున్నా సరే, రెండు దుప్పట్లు తిరిగేసరికి అక్క వేగానికి వచ్చేసేవారట. రాకపోతే ఊరుకునేది కాదు.

బావ నీళ్ల మీటర్లు చూసేవాడు. లాండ్రీ మీటరు బాయిలరు గది వెనక గోతిలో ఉండేది. నెలకోసారి వచ్చి అంకెలు రాసుకుపోవాల్సిన మనిషి, నెలకు రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. తర్వాత వారానికోసారి. "ఏమిటయ్యా, నీళ్లేమైనా ఎత్తుకుపోతున్నామా" అని ఆవిడ నిలదీసింది. ఆయన పుస్తకం మూసి, "అంకె సరిగ్గా కనపళ్లేదండీ" అన్నాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా అక్క కడుపు పట్టుకుని నవ్వేది. బావ మాత్రం మీటరు అద్దం నిజంగానే మసకగా ఉండేదని వాదించేవాడు.

వాళ్లకు పిల్లల్లేరు. ఎవరైనా అయ్యో పాపం అంటే అక్కకు ఒళ్లు మండేది. "ఎందుకు లేరూ, అరవై ఎనిమిదేళ్ల పిల్లాడొకడున్నాడుగా" అనేది. మొదట్లో అది వేళాకోళం. తర్వాత్తర్వాత వేళాకోళం కాకుండా పోయింది.

ఏడు అనే మాట బావ నోటి నుంచి ఆలస్యంగా రావడం ముందు గమనించింది నేనే. ఆరు తర్వాత ఒక ఖాళీ. అందరూ ఆయన వైపు తిరిగేవారు. ఆయన అక్క వైపు తిరిగేవాడు. ఒక ఆదివారం ఆ ఖాళీ రాలేదు. "ఆరు, ఏడు" అని అక్కే ఒకే గొంతులో అనేసింది. ఏడును కొంచెం బొంగురుగా, మగగొంతులా పలికింది. అందరూ నవ్వారు. మరుసటి వారమూ అంతే. నాలుగు వారాలయ్యేసరికి నవ్వడం కూడా మానేశారు. ఆరు, ఏడు అనేది ఒకే నెంబరన్నట్టు, దాని తర్వాత నర్సమ్మ తడుముకోకుండా ఎనిమిది అందుకునేది.

నేను అడ్డుపడాల్సింది. నియమం పెట్టినవాణ్ణి నేనే కదా. ఏం జరుగుతోందో తేల్చుకుందామని ఒక బుధవారం వాళ్లింటికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. బావ కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా నడుస్తున్నాడు. నేలమీద పరిచిన ప్లాస్టిక్ చాప ఆ మేర అరిగి తెల్లగా బాట పడింది. నన్ను చూసి, "మీటరెక్కడుందండీ" అని అడిగాడు. తలుపుకు లోపలి నుంచి తాళం, తాళంచెవి అక్క మెడలో.

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"రెండేళ్లు కావస్తోంది." ఆవిడ గిన్నెలు తుడుస్తూనే చెప్పింది. "ఆదివారం నీతో పది కిలోమీటర్లు నడిచొస్తే ఆ రాత్రి పడుకుంటారు. సోమవారం రాత్రి కూడా పడుకుంటారు. మిగతా ఐదు రోజులూ ఇదే నడక. నాకు వారానికి రెండు రాత్రులే నిద్ర తమ్ముడూ. అదీ మీ సంఘం పుణ్యమా అని. సంఘంలో ఈ సంగతి చెప్పకు. నీ నియమం నాకు తెలుసు. ఆ రెండు రాత్రులూ పోతే నేను బతకను."

"నేనిక్కడికి రానే లేదు, ఏం చూడనే లేదు" అన్నాను. అప్పటి నుంచి ఆరు పిలిచేసరికి కాగితం మీదికి తల దించుకునేవాణ్ణి, ఎనిమిది పలికాకే ఎత్తేవాణ్ణి. మధ్యలో ఎవరున్నారో ఎవరు లేరో చూడకుండా కళ్లకు తర్ఫీదిచ్చాను. అదీ ఆ మిగతా సగం. నా చెవులు బాగానే ఉన్నాయి. చూడాల్సిన చోట చూడనిది నేను.

ఆ ఆదివారం గాలి బాగా ఉంది. రెండో మజిలీ అంటే కొండ అంచున రాతి బల్లలున్న చోటు. అక్కణ్ణుంచి నలభై మెట్లు కిందికి దిగితే చిన్న ఇసుక తీరం వస్తుంది. పోటు వేళకు అది మొత్తం నీళ్ల కిందికి పోతుంది. మెట్ల పైన వేళల బోర్డు ఉంటుంది. అది చదివి అందరికీ వినపడేలా చెప్పాను కూడా: "తొమ్మిది దాటితే కింద ఇసుక ఉండదు, ఎవరూ దిగొద్దు." అప్పటికి ఎనిమిదింబావు. నా మాట అయ్యీ కాకముందే అక్క బావ చెయ్యి పట్టుకుని మెట్లు దిగడం చూశాను. ఎందుకో నాకు తెలుసు. పైన ఎక్కడా చాటు లేదు, మనిషి ఆపుకోలేడు. అందరూ చూస్తుండగా కేకేసి అడగడం ఎందుకని ఊరుకున్నాను.

పది నిమిషాలకు అక్క పైకి వచ్చింది. నర్సమ్మ దగ్గర పెట్టిన సంచీ అందుకుంది. అదే సమయానికి నేను విజిల్ వేశాను. లెక్క మొదలైంది. ఆరు, ఏడు అని ఒకే గొంతు పలికింది. నేను తల దించుకున్నాను. ఎనిమిది, తొమ్మిది... పద్దెనిమిది. పొడుగాయన కదిలాడు.

నర్సమ్మ ఆసుపత్రి కబురు ఏదో ఎత్తుకుంది. వాళ్ల పాత సూపర్‌వైజరు విడిచిన దుప్పట్ల బండిలో తలకిందులుగా పడి, కాళ్లు మాత్రం బయటికి ఆడించిన కథ. అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం వెనక నడుస్తున్న నాకు వినిపించింది. ఆవిడ ఎప్పుడూ నా ముందు, అందరికన్నా వెనక, బావ చెయ్యి పట్టుకుని నడిచేది. ఆ రోజు ముందు గుంపులో, చేతులూపుకుంటూ, పడుచుపిల్లలా నడిచింది. చాన్నాళ్లకు హాయిగా ఉంది పాపం అనుకున్నాను. బావ ఆ ముందు గుంపులోనే ఎక్కడో ఉన్నాడనుకున్నాను. అనుకున్నానే గాని మెడ చాచి చూడలేదు.

మూడో మజిలీకి చేరేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలు. అందరం కూర్చున్నాం. అక్క బిస్కెట్ల కోసం సంచీలో చెయ్యి పెట్టింది. బయటికి వచ్చింది బిస్కెట్ల పొట్లం కాదు, మడతపెట్టిన మగవాళ్ల ప్యాంటు. ఆవిడ దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"తమ్ముడూ" అంది. "ఆయన కింద ఉన్నారు."

"ఏ కింద?"

"ఇసుకలో. బట్టలు తడుపుకున్నారు. వేరే ప్యాంటు తెద్దామని పైకొచ్చాను."

నాకు కోపం నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియని కోపం, దగ్గరున్న మనిషి మీద పడింది. "మనిషి లేకుండా నెంబరెలా పలికావు? బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ అరిచాను. పదిహేను మంది నోళ్లు తెరుచుకుని చూశారు.

"అలవాటు" అంది ఆవిడ. అప్పటికే పరుగెడుతోంది.

నర్సమ్మ ఫోను తీసి తీరం కాపలా వాళ్లకు చెప్పింది. పడవ రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. పొడుగాయన పొడుగు కాళ్లేసుకుని ముందు పరుగెత్తాడు. నేను, అక్క, నర్సమ్మ వెనక. అరవై నాలుగేళ్ల ఆడమనిషి, దుప్పట్లు మోసి నడుము వంగిన మనిషి, ఆ రాళ్ల బాటలో నన్ను దాటి పరుగెత్తింది. రెండుసార్లు పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే చూసుకోలేదు. నేను వగరుస్తూ, "పైకి ఎక్కేసి ఉంటాడక్కా, అంత తెలివితక్కువ మనిషి కాదు బావ" అంటున్నాను.

మేం చేరేసరికి పది కావడానికి పావుగంట తక్కువ. మెట్లలో కింది పదీ పన్నెండూ నీళ్లలో ఉన్నాయి. ఇసుక లేదు. ఎటు చూసినా నురగ. రాతి బల్లల దగ్గర ఎవరూ లేరు, బాట మీద ఎవరూ లేరు. పొడుగాయన కొండ అంచున బోర్లా పడుకుని మెడ చాచి ఎడమ పక్కకు చూస్తున్నాడు.

"ఉన్నాడు" అన్నాడు. "ఉన్నాడు, రాయి మీద కూర్చున్నాడు. నడుం దాకా నీళ్లొచ్చాయి."

నేనూ బోర్లా పడుకున్నాను. మా కింద, మెట్లకు ఎడంగా, కొండ మలుపు చాటున ఒక చదును రాయి మీద బావ కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా బుద్ధిగా. అల వచ్చినప్పుడల్లా ఛాతీ దాకా ముంచి పోతోంది. ఆయన వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, ఎత్తుగా ఇంకో రాయి ఉంది. పొడిగా ఉంది.

"వెనక్కి తిరిగి రెండడుగులు పైకెక్కితే చాలు" అని పొడుగాయన నెత్తి కొట్టుకున్నాడు. "ఎందుకు ఎక్కడం లేదు? కాలేమైనా ఇరుక్కుందా?"

"ఇరుక్కోలేదు" అంది అక్క. మా పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "నేనే చెప్పాను. నేనొచ్చి లేవమనేదాకా లేవొద్దు, కదలొద్దు అన్నాను. ఎక్కడికైనా వెళ్లిపోతారని భయపడి గట్టిగా చెప్పాను. వేలు చూపించి మరీ చెప్పాను."

తర్వాత అరిచింది. "లేవండి, నేనొచ్చాను, లేవండి, వెనక రాయి ఎక్కండి" అని. గాలి సముద్రం మీది నుంచి మా మొహానికే కొడుతోంది. ఆ మాటలు మా దగ్గరే చెదిరిపోయాయి. మేమందరం కలిసి అరిచాం. నా గొంతు, ఊళ్లో మూడు వీధులకు వినపడే గొంతు, ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. ఒకసారి ఆయన తలెత్తి చూశాడు. మమ్మల్ని చూశాడో మబ్బులనే చూశాడో తెలియదు. మళ్లీ తల దించి, చేతులు మోకాళ్ల మీద సర్దుకున్నాడు.

అక్క లేచి మెట్ల వైపు పరుగెత్తింది. నేనూ నర్సమ్మా వెంటపడి, నీళ్లు తగిలే మెట్టు దగ్గర పట్టుకున్నాం. ఆవిడకు ఈత రాదు. నా చెయ్యి కొరికింది. అయినా వదల్లేదు. అల వచ్చి ముగ్గుర్నీ తొడల దాకా తడిపి, కాళ్ల కింది మెట్టును లాగేస్తున్నట్టు వెనక్కి పోయింది. అప్పుడు ఆవిడ ఒళ్లు వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను మణికట్టు పట్టుకునే ఉన్నాను. ఏడుపు కూడా రావడం లేదు ఆవిడకు.

"నేను మరిచిపోలేదేమో తమ్ముడూ" అంది.

"అదేం మాటక్కా."

"మరిచిపోయాననే అందరికీ చెప్తాను. కానీ నాకే తెలియడం లేదు. ఈ గంటసేపూ నాకెంత హాయిగా ఉందో తెలుసా? చెయ్యి ఖాళీగా ఉంది. ఎందుకింత తేలిగ్గా ఉందబ్బా అని ఒకసారి అనుకున్నాను కూడా. అనుకుని, ఎందుకో వెతుక్కోలేదు. నవ్వుకుంటూ నడిచాను. ఆయన అక్కడ నీళ్లలో కూర్చుని ఉంటే నేను నవ్వుకుంటూ నడిచాను."

నేను కూడా చూడలేదక్కా, చూడకూడదనే చూడలేదు అని చెబితే ఆవిడకు కాస్త బరువు తగ్గేదేమో. నా నోరు పెద్దదని అందరూ అంటారు. ఆ మాట చెప్పడానికి మాత్రం ఆ నోరు తెరుచుకోలేదు. సిగ్గేసింది. నర్సమ్మ ఉంది, నలుగురూ వింటారు అనిపించింది. ఆ మెట్ల మీద, ఆ స్థితిలో కూడా నా పరువే చూసుకున్నాను.

పైనుంచి పొడుగాయన చెబుతున్నాడు. భుజాల దాకా వచ్చింది అన్నాడు. ఇంకా కూర్చునే ఉన్నాడు అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపు అక్క నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, వారం దాకా వేళ్ల గుర్తులు పోలేదు. "తల కనిపిస్తోంది, కనిపిస్తోంది" అని మళ్లీ ఆయన గొంతు వినపడింది.

పడవ కొండ మలుపు తిరిగి వచ్చింది. ముగ్గురు కుర్రాళ్లున్నారు. రాళ్ల వల్ల దగ్గరికి రాలేక ఇద్దరు తాడు కట్టుకుని నీళ్లలోకి దూకారు. బావ వాళ్లకు చెయ్యి అందివ్వలేదు. రాయి అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. ఒకతను నడుం పట్టి లాగితే మోచేత్తో మొహం మీద పొడిచాడట. నీళ్లు గడ్డం దాకా వచ్చినా వేళ్లు వదల్లేదట. చివరికి ఒక్కొక్క వేలూ రాయి మీది నుంచి ఊడబెరికి పడవలోకి ఎక్కించారు. ఇంకో పెద్ద అల వచ్చుంటే మాకూ దక్కేవాడు కాదని ఆ కుర్రాడు తర్వాత చెప్పాడు. అతని పెదవి చిట్లి ఉంది.

అవతలి చిన్న రేవులో దింపారు. మేం బాట మీదుగా చుట్టూ తిరిగి అక్కడికి చేరేసరికి స్ట్రెచరు మీద పడుకోబెట్టి, మూడు దుప్పట్లు కప్పి ఉంచారు. వేళ్ల కొసలు చీరుకుపోయి కట్లు కట్టారు. మొహం నీలంగా ఉంది. అక్క వెళ్లి తల దగ్గర నిలబడింది. దుప్పటి తడిగా ఉందేమోనని, చూసుకోకుండానే, చేతి వెనక భాగం ఆనించి చూసింది.

"కాళ్లు చాపుకోండి పెద్దాయనా, భయం లేదు, అయిపోయింది" అంటున్నాడు ఆ కుర్రాడు. బావ వినడం లేదు. మోకాళ్లు మడుచుకుని, కట్లు కట్టిన చేతులతోనే స్ట్రెచరు కడ్డీలు రెండూ పట్టుకుని కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. అక్క కనిపించగానే ఆయన కళ్లు ఆవిడ మీద నిలిచాయి. ఎన్నాళ్లుగానో ఎవర్నీ గుర్తుపట్టని కళ్లు ఆవిణ్ణి గుర్తుపట్టాయి.

"వచ్చావా" అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"వచ్చానండీ."

"నీళ్లొచ్చాయి. ఎవరో వచ్చి లాగారు. అయినా నేను లేవలేదు."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చెప్పావుగా" అన్నాడు ఆయన. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడి గర్వం ఉంది ఆ గొంతులో. "ఇప్పుడు కదలొచ్చా?"

ఆవిడ నోటి మీది చెయ్యి తియ్యలేదు. చూడలేక నేనే ముందుకు వంగి, "కదలొచ్చు బావా, కాళ్లు చాపుకో" అన్నాను. ఆయన నా వైపు తిరగనైనా తిరగలేదు. ఆవిడ మొహంలోకే చూస్తూ, కడ్డీలు వదలకుండా, ఆవిడ చెప్పేదాకా అలాగే ఉండిపోయాడు.